అయ్యగారికి జీతం

జూన్ 8, ఆదివారం

ఈ వారం సంచిలో బియ్యం నాలుగైదు రకాలు. దొడ్డు బియ్యం, రేషన్ సన్నబియ్యం, ఏదో పెండ్లిలో మిగిలిన పాత బియ్యం, నూకలు. ఇంకొకటి ఏ రకమో నాకే అంతుపట్టలేదు. ఇరవయ్యేళ్లుగా ఇదే నా వంట. మా చర్చి ఆడవాళ్లు ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం తీసి పక్కన డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా తెచ్చి సంచిలో కుమ్మరిస్తారు. పాస్టరు ఇంటి తిండి అదే. పుణ్యమే, కాదనను. కానీ ఆ పుణ్యాన్ని ఉడికించేది నేను. సగం గింజలు జావ అవుతాయి, సగం పలుకు మిగులుతాయి. మా ఆయన అదేమీ చూడడు. కలుపుకుని తినేసి "మంచిగుంది స్వరూపా" అంటాడు. ఆయనకు గడ్డి ఉడకేసి పెట్టినా మంచిగుందనే అంటాడు.

కానుక సంచిలో అంతా చిల్లర. వందన నర్సింగ్ రెండో ఏడు ఫీజు ఆగస్టులో కట్టాలి. సిద్దిపేటకు రోజూ బస్సులో పోయి వస్తుంది. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ చేశారు కాబట్టి సరిపోయింది. కాలేజీ కూడా ఫ్రీ అని ఎవరైనా అంటే బాగుండు.

జూన్ 10

రమ్య జాకెట్ కొలతలు ఇవ్వడానికి వచ్చింది. సందీప్ భార్య. సందీప్ సిద్దిపేటలో ప్లాట్ల వ్యాపారం చేస్తాడు, ఈ మధ్యే మా చర్చి కమిటీకి సెక్రటరీ అయ్యాడు. మంచి పిల్లవాడే. చేతిలో టేపుతో కొలతలు తీస్తున్నా నా నోరు ఊరికే ఉండదు. "నెలకు గింత అని ఉంటె మాక్కూడ ఒక దారి ఉంటుండె రమ్యా" అన్నాను. మాటవరసకే అన్నాను. అడగలేదు.

జూన్ 15, ఆదివారం

ఆరాధన అయ్యాక ఎవ్వరూ పోవద్దని చెప్పి సందీప్ ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"సిద్దిపేటల నా దోస్తులు అడుగుతున్నరు, మీ పాస్టరు ఇంకా బియ్యం అడుక్కుంటుండా అని. నాకు తలకాయ ఎత్తబుద్ధి కాలే. మనం మంచిగ బతుకుతున్నం. ఆయన మాత్రం మన చేతులల్లకు చూసుకుంట బతకాల్నా? నెలకు పదిహేను వేలు జీతం పెడదాం. ఇంటికి నాలుగు వందలు పడుతది. ఇగ బియ్యం బంద్."

నేను రమ్య వైపు చూడలేదు. తల వంచుకుని కూర్చున్నాను.

సందీప్ ఇంకో మాట కూడా అన్నాడు. ఎవరూ పాస్టరు ఇంటికి విడిగా బియ్యం, కూరగాయలు, కోళ్లు తేవద్దట. తెచ్చినవాళ్ల ఇంటికే అయ్యగారు ఎక్కువ పోతున్నారని మాటలు వస్తున్నాయట. ఇస్తే అందరం కలిసి ఇద్దాం, లేకపోతే లేదు అన్నాడు. అందులో తప్పేమీ లేదు. ఆ మాటలు నేనూ విన్నాను.

వెనక నుంచి పోశయ్య లేచాడు. మా చర్చి బాలవ్వ భర్త. ఆయాసంతో ఏ పనికీ పోలేడు, ఇద్దరూ ఆమె కూలి మీదే బతుకుతారు. "మా బాపు పటేలింట్ల జీతమున్నడు బిడ్డా. జీతమంటె గదే నాకెరుక. అయ్యగారిని గూడ మనం జీతముంచుకుంటమా?" అన్నాడు. పటేలంటే ఊరి ఆసామి, ఆయనకు తెలిసిన జీతం ఆ ఇంట్లో పాలేరుతనం. అందరూ నవ్వారు. సందీప్ కూడా నవ్వి, "గా జీతం వేరు, గీ జీతం వేరు తాతా" అన్నాడు.

మా ఆయనను అడిగారు. ఆయన ఒక్కటే అడిగాడు. "కట్టలేనోళ్ళ సంగతేంది?"

"కడుతరు అయ్యగారు. కేబుల్ బిల్లు కడుతలేరా అందరు?"

చేతులెత్తమన్నారు. మగవాళ్లందరూ ఎత్తారు. ఆడవాళ్లు మగవాళ్ల చేతులు చూసి ఎత్తారు. ఇంటికి వచ్చాక మా ఆయన అన్నం ముందు చాలాసేపు కూర్చున్నాడు. "జీతం అంటె ఇచ్చెటోడు ఉంటడు గద స్వరూపా" అన్నాడు. ఇన్నాళ్లూ ఇచ్చేవాళ్లు లేరా ఏమి? ఆయనకు మంచి జరిగినా భయమే, చెడు జరిగినా భయమే.

జూన్ 16

నేను ఎవరినీ ఏమీ అడగలేదు.

జూలై 1

మొదటి జీతం. సందీప్ కవరు తెచ్చి రెండు చేతులతో మా ఆయనకు ఇచ్చాడు. అలా ఇవ్వడం నాకు చాలా నచ్చింది.

దుర్గయ్య ఆటోలో సిద్దిపేట పోయి ఒక బస్తా సన్నబియ్యం తెచ్చాను. ఒక్క రకం. వండితే గింజకు గింజ విడివిడిగా, అన్నీ ఒక్క తీరు. గిన్నె మూత తీసి కాసేపు చూస్తూ నిలబడ్డాను. ఏడుపొచ్చింది. ఎందుకు ఏడవాలి, నవ్వాలి కదా. కిరాణా షాపులో అప్పు చెప్పకుండా సబ్బు కొన్నాను. వందనకు తెల్ల బూట్లు తీసుకున్నాను, డ్యూటీకి అవే కావాలట. పెండ్లయినప్పటి నుంచి ఇంత హాయిగా ఏ నెలా మొదలుకాలేదు.

మా ఆయన తిని, "పెండ్లి బువ్వ లెక్కుంది" అన్నాడు. మెచ్చుకున్నాడా లేదా అని అడగలేదు.

జూలై 6, ఆదివారం

ప్రార్థన అయ్యాక సందీప్ ఫోన్ చూసి పేర్లు చదివాడు. జూన్ డబ్బులు కట్టని ఇళ్లు. కించపరచాలని కాదు, గుర్తు చేస్తున్నానని ముందే చెప్పాడు. చివరి పేరు బాలవ్వ.

పోశయ్య గోడ పట్టుకుని లేచాడు. "కూలి పైసలు రాలే బిడ్డా. నాట్లు పడంగనే కడుతం" అని కూర్చున్నాడు. ఆ కాస్త మాటకే ఆయాసం వచ్చింది. మా ఆయన వాక్యం పుస్తకంలోకి చూస్తున్నాడు. అందులో ఆ నిమిషంలో చదవడానికి ఏమీ లేదని నాకు తెలుసు.

మేము ఈ ఊరికి వచ్చిన కొత్తలో మా గుమ్మం ఎక్కిన మొదటి మనిషి బాలవ్వ. వందన పుట్టినప్పుడు దవాఖానలో నా పక్కన కూర్చుని తల నిమిరింది ఆమే. మా అమ్మకు రాయపోల్ నుంచి రావడానికి బస్సు దొరకలేదు ఆ రోజు. ఆమె పేరు చివర చదవకపోయినా బాగుండేది. ఏదో ఒక పేరు చివర ఉండాలి కదా.

జూలై 9

పొద్దున్నే బాలవ్వ వచ్చింది. కూలికి పోతూ దారిలో ఆగింది. కొంగులో ఏదో కట్టుకుంది. ఆమె వస్తే నాకు ఎప్పుడూ సంతోషమే. ఈసారి మాత్రం ఎందుకొచ్చిందా అనిపించింది.

"ఏం తెచ్చినవవ్వా?"

"ఏముంటది బిడ్డా. పిడికెడు బియ్యం. గుళ్ళె సంచి పెడుతలేరు గద, ఇంట్లనే ఉండిపొయ్యె." చర్చిని ఆమె గుడి అనే అంటుంది.

"ఇప్పుడు తీసుకోవద్దన్నరవ్వా. కమిటీ మాట."

"నేను కమిటీకిస్తలేను. అయ్యగారికిస్తున్న."

"నాకు మాటొస్తది. నువ్వే ఉంచుకో. మీకే సరిపోవు గద ఇంట్ల."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. ప్రేమతోనే అన్నాను. బాలవ్వ కొంగు ముడి మళ్లీ బిగించుకుంది. నిదానంగా, చాలాసేపు బిగించింది. "సరే అమ్మగారూ" అని వెళ్లిపోయింది.

నన్ను ఆమె ఎప్పుడూ బిడ్డా అనే పిలుస్తుంది. అమ్మగారూ అనడం ఇదే మొదలు. మొదట వినసొంపుగానే అనిపించింది. మధ్యాహ్నానికి బాగా అనిపించలేదు.

జూలై 10

రూల్ అంటే రూలే. ఒకరి దగ్గర తీసుకుంటే అందరి దగ్గరా తీసుకోవాలి. అప్పుడు మళ్లీ పాత కథే.

జూలై 13, ఆదివారం

బాలవ్వ, పోశయ్య రాలేదు. వాన పడింది, అందుకే. మిగతావాళ్లు వచ్చారు, కానీ వాళ్లకు ఆయాసం లేదు కదా.

జూలై 16

"బాలవ్వ ఇంటికి పోయొద్దామా?" అని మా ఆయన అడిగాడు. ఈ వారం తీరదు అన్నాను. నిజంగానే తీరదు. ఏ రోజు ఎవరి ఇంట్లో ప్రార్థన అనేది సందీప్ వాట్సాప్‌లో టైంటేబుల్ పెట్టాడు. డబ్బు కట్టిన ఇళ్లు ముందు. అది కూడా న్యాయమే, కట్టినవాళ్లు ఎదురుచూస్తారు కదా. ముందు ఎక్కడ ఏడుపు వినిపిస్తే అక్కడికి పోయేవాడు మా ఆయన. ఎప్పుడు తింటాడో, ఎప్పుడు పడుకుంటాడో తెలిసేది కాదు. ఇప్పుడు వేళకు వస్తున్నాడు. నాకైతే ఇదే నయం.

నయమని ఆయనతో అన్నాను. ఆయన ఫోన్‌లో టైంటేబుల్ చూసుకుని చెప్పులు వేసుకున్నాడు.

జూలై 20, ఆదివారం

ఈ వారం కూడా రాలేదు. నాట్ల రోజులు.

జూలై 23

జాకెట్ బటన్లు కొందామని రోడ్డు మీదికి పోతే దుర్గయ్య ఆటో ఆపాడు. పోశయ్యకు ఊపిరి ఆడకపోతే పొద్దున సిద్దిపేట పెద్ద దవాఖానకు తీసుకుపోయాడట.

"మాస్కు పెట్టిన్రు. బాలవ్వ ఒక్కతే ఉంది గాడ. అయ్యగారికి చెప్పున్రి అమ్మా, ఒకసారి పోయొస్తే ఆ ముసలోనికి ధైర్యముంటది."

చెబుతానన్నాను. మా ఆయన సందీప్ వాళ్ల బంధువుల గృహప్రవేశం ప్రార్థనకు పోయి వచ్చాడు. బాగా అలసిపోయి ఉన్నాడు. పొద్దున చెబుతాను.

జూలై 24

పొద్దున కరెంటు పోయింది, నీళ్ల గొడవ. మరిచిపోయాను. రేపు తప్పకుండా చెప్పాలి.

జూలై 25

దుర్గయ్య ఆటో మా సందులోకి వచ్చింది. నేను బట్టలు ఆరేస్తున్నాను. తడి బట్టలు బకెట్లోనే వదిలేసి లోపలికి వచ్చాను.

దవాఖానకు పోయి బాలవ్వ ముఖం ఎట్లా చూడాలి? వద్దన్న చేతితోనే పండ్లు పట్టుకుని పోవాలా? ఒకటి రెండు రోజులు ఆగి, డిశ్చార్జి అయ్యాక ఇంటికే పోతే మర్యాదగా ఉంటుంది.

జూలై 26

పొద్దున డప్పు వినపడింది.

మా వాళ్లలో ఎవరైనా పోతే ముందు చర్చి గంట మోగుతుంది. ఆగి ఆగి, ఒక్కొక్కటిగా కొడతారు. గంట మోగలేదు కాబట్టి మనవాళ్లు కాదనుకున్నాం. మా ఆయన ముఖం కడుక్కుంటూ "ఎవరో పాపం" అన్నాడు. నేను టీ పెడుతున్నాను. పోశయ్యేమో అనిపించినా చక్కెర వేసి కలుపుతూనే ఉన్నాను.

పక్కింటి మల్లమ్మ వచ్చి చెప్పింది. పోశయ్య రాత్రే దవాఖానలో పోయాడు.

మా ఆయన తువ్వాలు భుజం మీద అలాగే ఉంచుకుని పరుగెత్తాడు. నేను వెనకే పోయాను. అప్పటికే శవాన్ని లేపారు. చర్చి సమాధుల జాగకు కాదు, వాగు ఒడ్డున ఉన్న పాత బొందలగడ్డకు తీసుకుపోతున్నారు. పోశయ్యకు బాప్తిస్మం ఇచ్చింది మా ఆయనే. ముందుకు పోబోతే బాలవ్వ తమ్ముడు అంజన్న అడ్డం వచ్చాడు. దురుసుగా కాదు, నెమ్మదిగానే అన్నాడు.

"మీకు కబురు పెట్టలే అయ్యగారు. అక్క వద్దన్నది. ఎన్క నిలబడున్రి, ఏమనుకోకున్రి."

మా ఆయన వెనక నిలబడ్డాడు. డప్పులు కొట్టేవాళ్ల వెనక, పిల్లల వెనక. ఈ ఊళ్లో చావుకు ఆయన వెనక నిలబడటం నేను ఎన్నడూ చూడలేదు. మట్టి వేసేటప్పుడు ఆయన పెదవులు కదిలాయి. ఎవరికీ వినపడలేదు.

తర్వాత వాళ్ల ఇంటికి పోయాం. బాలవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఏడవడం అయిపోయినట్టుంది. మా ఆయన ఆమె ముందు కింద కూర్చున్నాడు.

"ఎందుకు పిలువలేదవ్వా నన్ను?"

"ఎట్ల పిలుస్తం అయ్యగారు. మేం పైసలు కట్టలే గద. కరెంటు బిల్లు కట్టకపోతె ఆఫీసోళ్ళు కట్ చేస్తరు. మీరొచ్చి కట్ చేసేదాంక ఎందుకని మేమే చేసుకున్నం."

"నేనెప్పుడన్న పైసలడిగిన్నా?"

"మీరడుగలే. మీరు మంచోళ్ళు." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నయమనిపించింది. "ఆఖరికి ఆయన అడిగిండు, అయ్యగారిని పిలువమని. నేనే, మనకు బాకీ ఉన్నదయ్యా, నాట్ల పైసలు రానీ అన్న. రానీ అన్న."

అంతవరకు అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను గుమ్మం లోపలికి రాలేదు. బయటే చెప్పుల దగ్గర నిలబడ్డాను.

జూలై 27, ఆదివారం

సందీప్ కళ్లు ఎర్రగా ఉన్నాయి. చర్చిలో లేచి "మేము కాదన్నమా? అవ్వ ఒక్క మాట చెప్తే నేనే కారు తీసుకొని పోతుంటి" అన్నాడు. నిజమే, ఎవరూ కాదనలేదు. ఆమెను ఎవరూ ఆపలేదు. ఎవరి తప్పూ కానప్పుడు ఇంత బరువు ఎందుకుంటుందో నాకు తెలియదు.

బాలవ్వ ఇంటి డబ్బు మొత్తం మాఫీ అని కమిటీ తీర్మానించింది. ఇక ముందు కూడా కట్టనక్కర లేదట. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ గట్టిగా అన్నాను.

జూలై 28

మా ఆయన ఆటో స్టాండు నుంచి వచ్చి చెప్పులు కూడా విడవకుండా అడిగాడు.

"దుర్గయ్య నీకు చెప్పిండంట గద."

"మరిచిపోయిన."

"ఆయన పోయేదాంక మరిచిపోయినవా?"

నేను జాకెట్ కుడుతున్నాను. మిషను ఆపలేదు. ఆయన తిట్టలేదు. తిడితే నేనూ నాలుగు అనేదాన్ని, ఇన్నేళ్ల కష్టం అంతా తీసి ముందు పోసేదాన్ని. ఆయన పోయి చర్చిలో ఒక్కడే కూర్చున్నాడు. మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే రాలేదు.

కుట్టిన జాకెట్ చేయి మొత్తం విప్పాల్సి వచ్చింది. చూసుకోకుండా తిరగేసి కుట్టాను.

ఆగస్టు 1

సందీప్ కవరు తెచ్చే వేళకు మా ఆయన లేచి పెరట్లోకి పోయాడు. "నువ్వే చూస్కో. నాకది ముట్టబుద్ధి అయితలేదు" అన్నాడు.

"వందన ఫీజు ఎట్ల మరి? ఆఖరు తారీఖు దగ్గరికొచ్చింది" అన్నాను.

"నేను మిల్లుల పనికి పోత. బస్తాలు మోస్త."

"నీ నడుముతోనా? మోసినోనివే. ఈ ఊళ్ళె పాస్టరు హమాలి పని చేస్తుండంటె ఎవరికి మర్యాద?"

నీకు మర్యాద కావాలి, నాకు బిడ్డ చదువు కావాలి అని కూడా అన్నాను. అది అన్యాయపు మాట. ఆయనకు ఎన్నడూ మర్యాద పిచ్చి లేదు. ఉన్నది నాకే.

కవరు నేనే తీసుకున్నాను. సందీప్ మొహమాటపడుతూ, "ఈసారి జర తక్కువున్నయి ఆంటీ. రెండిండ్లు ఆగినయి. వచ్చినంక ఇస్త" అన్నాడు. కక్కలేక మింగలేక అంటారే, అలా నిలబడ్డాను. నేను తీసుకోకపోతే పోశయ్య లేచి వస్తాడా?

ఆగస్టు 5

సిద్దిపేట పోతుంటే రోడ్డు పక్క మడిలో ఆడవాళ్లు నాట్లు వేస్తున్నారు. వరసలో చివర వంగిన మనిషిని చూసి దుర్గయ్య ఆటో నెమ్మది చేశాడు.

"బాలవ్వనే అమ్మా. దినాలు గూడ కాలే. ఊరంత అంటున్నరు, ముండమోసినామె గడప దాటిందని. ఆమె వింటలేదు."

ఆటో ఆపించి గట్టు మీదికి పోయాను. చీర అంచుకు బురద అంటింది. బాలవ్వ చూసింది. నడుము ఎత్తలేదు.

"అవ్వా, నీకు చెప్పలేదా? మాఫీ చేసిన్రు. నువ్వు కట్టే పని లేదు ఇగ."

ఆమె చేతిలోని నారు ఒక్కొక్క మొక్కగా బురదలోకి పోతూనే ఉంది.

"పంటల లోన్లు సర్కారు మాఫీ చేస్తది. పటేళ్ళు మాఫీ చేస్తరు. గుళ్ళె మాఫీ ఏంది అమ్మగారూ?"

"నీ కోసమే అవ్వా. నీ మీద భారం వద్దని."

"భారం అని నేనన్నన్నా? ఇన్నేండ్ల సంది పిడికెడు తీసిన. తిన్ననాడు తీసిన, పస్తున్ననాడు రేపటిదాంట్లకెల్లి తీసిన. మీ ఇంట్ల కుండల నా గింజ గూడ ఉన్నదని నిద్రపోయిన. ఇప్పుడు నాది వద్దంటిరి. నాలుగు వందలు కట్టమంటిరి. అది గూడ వద్దంటున్నరు. ఇగ నేనెవ్వర్తిని ఆ గుడికి?"

అవతల నుంచి ఎవరో వరస ముందుకు పోతోందని కేక వేశారు. ఆమె ఒక అడుగు వెనక్కి జరిగి మళ్లీ వంగింది. నేను గట్టు మీద ఉన్నాను. బురద అంచు చేత్తో పట్టుకుని ఆటో దగ్గరికి తిరిగొచ్చాను.

సిద్దిపేటలో ఏం కొన్నానో ఇంటికి వచ్చి సంచి విప్పితే గాని గుర్తు రాలేదు.

ఆగస్టు 10, ఆదివారం

బాలవ్వ చర్చికి వచ్చింది. తెల్ల చీర కాదు, రోజూ కట్టే చీరే. కానుకల వేళ అందరూ పాడుతుంటే నేరుగా సందీప్ దగ్గరికి నడిచి, నడుము సంచి విప్పి నోట్లు తీసింది.

"రెండు నెలలవి. రాసుకో బిడ్డా."

"అవ్వా, మాఫీ చేసినం గద" అన్నాడు సందీప్. చిన్న పిల్లవాడిలా మా ఆయన వైపు చూశాడు.

"నేనడుగలే. రాసుకో."

పాట దానంతట అదే ఆగిపోయింది. సందీప్ రాసుకున్నాడు. బాలవ్వ వచ్చి ఆడవాళ్లలో తన చోట కూర్చుంది. ఆ చోటు ఇన్ని వారాలు ఎవరూ కూర్చోకుండా ఖాళీగానే ఉంచారు, నేను ఇప్పుడే గమనించాను. ఆరాధన ముగిశాక ఆమె మా ఆయన ముందుకు వచ్చింది.

"అయ్యగారూ, నా పైసలు ముట్టినయి గద. మా ఇంట్ల ప్రార్థన పెట్టాలె. పోశయ్య పేరు మీద. ఏనాడొస్తరు?"

"ఇప్పుడే వస్తనవ్వా" అన్నాడు మా ఆయన.

"వద్దు. అందరికెట్లనో నాకట్లనే. టైంటేబుల్‌ల పెట్టున్రి."

అందరూ పోయాక సందీప్ నా దగ్గరికి వచ్చాడు. ఒకటో తారీఖున తగ్గినవాటికి ఇవి సరిపోయాయి ఆంటీ, ఇప్పుడు పూర్తయింది అని ఆ నోట్లే నా చేతిలో పెట్టాడు. ఆ పిల్లవాడికి ఏమీ తోచక అలా చేశాడు. నోట్లు మెత్తగా ఉన్నాయి. ఒక దాని మీద ఎండిన మట్టి. ఇంటికి వచ్చి పీటమీద పెట్టి చూస్తూ కూర్చున్నాను. మా ఆయన చూశాడు. ఎవరివని అడగలేదు.

ఆగస్టు 11

వందన ఫీజు కట్టాను. అవి కూడా కలిపితేనే సరిపోయింది. కలిపాను. కాలేజీ క్లర్కు లెక్కపెట్టేటప్పుడు ఆ మట్టి నోటు దగ్గర ఒక్క క్షణం ఆగి, బొటనవేలితో తుడిచి, డ్రాయరులో వేశాడు.

వందన చాలా సంతోషించింది. "డాడీకి జీతం రాబట్టి గదా అమ్మా" అంది.

ఆగస్టు 13

ఈ రోజు బాలవ్వ ఇంట్లో ప్రార్థన.

పక్కింటి నుంచి రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించి వేసింది. ముందు ఎప్పుడు పోయినా చాప మీదే కూర్చునేవాళ్లం. ఆ చాప మూలన చుట్టి ఉంది. మా ఆయన కుర్చీలో కూర్చుని వాక్యం తెరిచాడు. పేజీలు తిప్పాడు. మళ్లీ వెనక్కి తిప్పాడు. పోశయ్య పంచె ఇంకా దండెం మీదే ఉంది.

ఇంట్లోంచి వచ్చేటప్పుడే అనుకున్నాను, ఈ రోజు చెప్పాలని. చెప్పాను.

"అవ్వా, జీతం గురించి రమ్యతోని ముందుగాల్ల అన్నది నేనే. పోశయ్య దవాఖానల ఉన్నడని నాకు తెలుసు. ఈయనకు చెప్పలే. నీ ముఖం చూడలేక చెప్పలే."

మా ఆయన తల ఎత్తలేదు. బాలవ్వ నా వైపు తిరిగింది.

"జీతమడుగుడు తప్పు కాదు అమ్మగారూ. మీకు కడుపు లేదా, పిల్ల లేదా? అడుగాలె. నేను గూడ చెయ్యెత్తిన ఆనాడు." దండెం మీది పంచె సర్దింది. "కాని నాది మీకు ఎక్కువైతదనుకోలే."

ఎక్కువ కాలేదు అవ్వా, మీకే తక్కువ అవుతుందని అన్నాను నేను, ఆ రోజు. మీకే సరిపోవు కదా అన్నాను. ఇదంతా నోటి దాకా వచ్చింది, కానీ ఆ మాట మళ్లీ అనలేకపోయాను. ఏడ్చాను. ఆమె ఏడవలేదు, నన్ను ఏడవవద్దని కూడా అనలేదు. నేను ఎప్పుడు ఏడ్చినా తల నిమిరే మనిషి.

ఆమె కొంగు తల మీదికి లాక్కుని మా ఆయన వైపు తిరిగింది.

"పైసలు కట్టిన గద అయ్యగారూ. చేయున్రి."

ఆయన ప్రార్థన చేశాడు. పోశయ్య పేరు దగ్గర ఆగిపోయి మళ్లీ మొదలుపెట్టాడు. చివర ఆమెన్ నేను ఒక్కదాన్నే అన్నాను.

బాలవ్వ కళ్లు తెరిచి, "అయిపోయిందా?" అని అడిగింది.

"ఆ అవ్వా."

"సరే మరి. నాకు నాట్లున్నయి, పోవాలె."

మేము లేచాం. టీ పెడతానని ఆమె అనలేదు. ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా తాగకుండా లేచి రావడం ఈ ఇరవయ్యేళ్లలో ఇదే మొదటిసారి. మేము గడప దాటగానే తలుపు దగ్గరకు వేసి, తాళం పెట్టి, మా ముందు నుంచే మడి వైపు నడిచిపోయింది. మా ఆయన దారిలో నిలబడి ఆమె కనపడినంతసేపూ చూశాడు. నేను ఆయన పక్కన నిలబడ్డాను.

ఇంటికి వచ్చి అన్నం వండాను. గింజకు గింజ విడివిడిగా ఉడికింది. ఆయన ముట్టలేదు, నేనూ ముట్టలేదు. ఒకటో తారీఖున మళ్లీ జీతం వస్తుంది. నేనే తీసుకుంటాను.